ఎర్ర కారు, నల్ల ప్యాడు

మా నాన్నగారి కారు ఎర్రది. రిజిస్ట్రేషను కాగితాల్లో అలా రాసి ఉంది గనుక మేమూ అలాగే అంటూ వచ్చాము గాని, ఈ మధ్య దానిని తొలిసారి చూసినవారెవరికీ ఆ మాట తోచదు. 1998లో కొన్న మారుతి 800 అది. పాతికేళ్ళకు పైబడిన తెనాలి ఎండలకు టాపూ బానెట్టూ వెలిసిపోయి, పుస్తకంలో పెట్టి మరచిపోయిన గులాబీ రేకు రంగుకు వచ్చాయి. వేలితో రాస్తే సుద్దముక్క రాసినట్టు లేత గులాబి పొడి అంటుకుంటుంది. తలుపుల మీద మాత్రం, నీడపట్టున, ఆ పాత ఎరుపు కొంత మిగిలి ఉంది.

నాన్నగారు ఇప్పుడు కారు నడపడం లేదు. చూపు మందగించాక తానే మానేశారు. అయినా ఉదయం ఆరున్నరకు కాఫీ తాగి, పాత పంచె చింపిన గుడ్డ ఒకటి భుజాన వేసుకుని వెళ్ళి కారు తుడవడం మాత్రం మానలేదు. కొన్ననాటి అలవాటు అది. ఏటా దసరాకు ముందు రబ్బింగ్ కాంపౌండు డబ్బా మూత తీసి, బానెట్టు అంతా చేత్తో రుద్దేవారు. ఆయుధపూజ నాటికి కారు ముఖం చూసుకుంటే మన ముఖం కనపడాలన్నది ఆయన పట్టుదల. మళ్ళీ రంగు వేయిద్దామని నేను రెండుమూడుసార్లు అన్నాను. "కొత్త రంగు వేస్తే అది వేరే కారురా. ఉన్నదాన్నే ఏమన్నా చెయ్యగలిగితే చెయ్యి" అన్నారు. చెయ్యగలనని నేను మాట ఇచ్చాను. ఆ మాట ఇచ్చేనాటికి నాకు ఈ విద్యలో వచ్చినదల్లా అరకొర జ్ఞానం, ఒక నీలిరంగు కారును పాడుచేసిన అనుభవం.

ఆ నీలికారు నాదే. హైదరాబాదులో మా అపార్టుమెంటు సెల్లారులో ఉంటుంది. దాని కథ ముందు చెప్పకపోతే ఎర్రకారు దగ్గర నా చెయ్యి ఎందుకు వణికిందో మీకు బోధపడదు.

బాగా కడిగిన ముదురురంగు కారును మిట్టమధ్యాహ్నం చూడండి. సూర్యబింబం పడ్డచోట, దాని చుట్టూ సాలెగూడు వంటి సన్నని వలయాలు కనిపిస్తాయి. ఆ గీతలు నిజానికి గుండ్రటివి కావు. దుమ్ము మీద గుడ్డ లాగినప్పుడల్లా ఇసుక రేణువులు గీసిన గీతలవి, అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగు వచ్చే దిక్కుకు అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి గనుక, అన్నీ కలిసి దీపం చుట్టూ గీసిన చక్రాల్లా తోస్తాయి. వాటిని తొలగించడమే పాలిషు పని. పాలిషు గీతను పూడుస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదు. గీత అడుగు ఎంత లోతున ఉన్నదో అంతదాకా చుట్టూ ఉన్న రంగును అరగదీస్తుంది. మిట్టలను పల్లానికి దించుతుందే గాని పల్లాన్ని మిట్టకు ఎత్తదు.

మరి అరగదీయడానికి ఉన్నదెంత? ఫ్యాక్టరీలో వేసిన రంగు మొత్తం, రేకును అంటిన పొర నుంచి పై క్లియర్ కోట్ దాకా, సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పై క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. అంటే ఆ నిగనిగ అంతా వెంట్రుక కంటె పలుచని పొర మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ పొరను ఎంత తీస్తామన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: మిషను, దానికి రాసే మందు, ఆ రెంటికీ రంగుకూ మధ్య ఉండే ప్యాడు. మొదటి రెండింటి గురించే అందరూ మాట్లాడతారు. కొనుగోలులోనూ డబ్బంతా వాటికే పోస్తారు. ప్యాడు మిషనుతో పాటు వచ్చే స్పాంజిముక్క అని నా అభిప్రాయం కూడాను. కాని రంగును తాకేది అదొక్కటే. అదే మిషను, అదే మందు ఉంచి ప్యాడు మారిస్తే పని తీరే మారిపోతుంది.

నీలికారుకు నేను ఎంచుకున్నది ఉన్ని ప్యాడు. గొర్రె ఉన్ని పోగు పైకి మెత్తగా ఉన్నా, సూక్ష్మదర్శినిలో చూస్తే చేప పొలుసుల వంటి అంచులు ఉంటాయి. వేల పోగులు ఒక్కసారిగా తిరిగినప్పుడు ఒక్కొక్కటీ తన వంతు కోత కోస్తుంది. పోగుల మధ్య గాలి ఆడుతుంది గనుక స్పాంజి కంటె వేడి తక్కువ. అందుకే ఆటోనగర్లలో మేస్త్రులు కొత్తరంగును నీటికాగితంతో రుద్దిన తరువాత ఉన్నినే వాడతారు, అది సరైన చోటే. నా కారుకు ఉన్నవి గుడ్డగీతలు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నట్టు, ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మిషనుకు ఆ ఉన్నిని తగిలించి మొదలుపెట్టాను. తలుపుల మీద గీతలు మాయమయ్యాయి. ఉత్సాహం హెచ్చింది. ముందు మడ్‌గార్డు మీద రేకు మడతపడి గట్టులా లేచిన చోట ఒక్క రెండు మూడు క్షణాలు ఆగాను. ఇటువంటి అంచుల మీద రంగు అసలే పలుచగా నిలుస్తుంది, పైగా ప్యాడు బరువంతా ఆ ఒక్క గీటు మీదే పడుతుంది. చేయి తీసేసరికి అక్కడ నీలం లేదు. చిటికెనవేలి గోరంత మచ్చ, బూడిదరంగులో. మిగిలిన కారంతా, ఎండలోకి తెచ్చాక చూస్తే, నూనె తెట్టు మీద మెరిసే తెరల్లా మిషను తిరిగిన జాడలు. గీతలు పోయాయి, గీతల స్థానంలో మిషను దస్తూరి వచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అటు తరువాతనే నేను ప్యాడ్ల గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

ఇందులో మొదట కంగారు పెట్టేది రంగులు. దుకాణంలో నారింజ, పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు స్పాంజి బిళ్ళలు వరుసగా ఉంటాయి. సిగ్నలు దీపాల్లాగా వీటికీ లోకమంతా ఒకే అర్థం ఉంటుందనుకుంటాము. ఉండదు. పసుపునే తీసుకోండి. ఇటలీకి చెందిన రూపెస్ వారి స్పాంజి వరుసలో పసుపు మెత్తనిది, చివర మెరుగు పెట్టేది. వారి కోత ప్యాడు నీలం. అమెరికాలోని లేక్ కంట్రీ వారి పాత వరుసలో పసుపు గట్టిగా కోసే ప్యాడు. మెగ్వయర్స్ వారికి పసుపంటే మధ్యరకం. ఒకరి దగ్గర చూసి నేర్చుకున్న రంగును మరొకరి డబ్బాలో వెతికితే మెరుగు పెట్టబోయి కోత పెడతాము. నలుపు ఒక్కటే చాలామంది దగ్గర మెత్తదనానికి గుర్తుగా ఉంటుంది గాని, దానినీ చూసి నమ్మరాదు. డబ్బా మీద రాసినది చదవాలి, తరువాత బొటనవేలితో నొక్కాలి. వేలు తీయగానే ఎగిరి లేచేది గట్టిది. తాపీగా, బద్ధకంగా లేచేది మెత్తనిది. శాస్త్రం కాదుగాని, నన్ను ఇంతవరకు మోసగించలేదు.

స్పాంజి అంటే పాలియురెథేన్ నురుగు. గట్టిదనంతో పాటు దాని గదుల తీరు కూడా చూడాలి. గదుల మధ్య గోడలు తెరిచి ఉంటే మందును లోపలికి పీల్చుకుంటుంది, గాలి ఆడుతుంది. మూసుకుని ఉంటే మందు పైపైనే నిలుస్తుంది. గదులు ఎంత చిన్నవైతే సాధారణంగా మెరుగు అంత నునుపు. మందం కూడా ఒక లెక్కే. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషనుకు మరీ మందమైన ప్యాడు తగిలిస్తే ఆ ఊపునంతా స్పాంజే మింగేస్తుంది. రంగు దగ్గరకు వచ్చేసరికి కదలిక సగం మిగలదు. ఇక ప్యాడు ఎప్పుడూ వెనుక పళ్ళెం కంటె కాస్త వెడల్పుగా ఉండాలి. ఐదంగుళాల పళ్ళానికి ఐదున్నర అంగుళాల ప్యాడు. సమానంగా ఉంటే, ఒకసారి మిషను పక్కకు ఒరిగిందంటే ప్లాస్టిక్ పళ్ళెం అంచే రంగును కొడుతుంది. మూడంగుళాల చిన్న ప్యాడ్లు అద్దాల పక్క సందులకు బాగా పనికివస్తాయి గాని, చిన్నది గదా సౌమ్యమైనదని అనుకోకండి. పనంతా చిన్నచోటే పడుతుంది, వేడి త్వరగా పుడుతుంది.

మైక్రోఫైబరు ప్యాడ్లని మరొక జాతి ఉంది. పలుచని స్పాంజి మీద పొట్టి పోగుల గుడ్డ అంటించినవి. డ్యూయల్ యాక్షన్ మిషనుతో ఉన్నికి దగ్గరగా కోస్తాయి. మెత్తని క్లియర్ కోట్ మీద ఇవే పొగమంచు లాంటి మసక కూడా వదులుతాయి, అప్పుడు మళ్ళీ స్పాంజితో దిద్దుకోవాలి.

ఇదంతా నేర్చుకుని, సంక్రాంతి సెలవులకు మిషను డిక్కీలో వేసుకుని తెనాలి బయలుదేరాను. దారిలో విజయవాడ ఆటోనగర్‌లో ఆగాను, నాలుగు సామాన్లు తక్కువయ్యాయని. అక్కడ ఒక దుకాణం ముందు బల్ల మీద కూర్చున్న పెద్దాయన నేను కోత ప్యాడ్లు ఏరుకోవడం చాలాసేపు చూశారు. పాలిషు మేస్త్రి అని తరువాత తెలిసింది. అరచేతులు రెండూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"ఏ బండి బాబూ?" అన్నారు.

"మారుతి ఎయిట్ హండ్రెడ్ అండీ. తొంభై ఎనిమిది మోడలు. ఎరుపు."

"పాలిషు చేశాక రంగేయిస్తారా, ఆ రంగే ఉంచుకుంటారా?"

ఉంచుకుంటామని చెప్పాను. ఆయన లేచి వచ్చి నా చేతిలోని గట్టి ప్యాడ్లు రెండూ తీసి తిరిగి డబ్బాలో పడేసి, మధ్యరకం నారింజవి రెండు, మెత్తని నల్లవి రెండు నా చేతిలో పెట్టారు. "రంగేయించేటట్టయితే ఎంతయినా గీరుకోండి. ఉంచుకునేటట్టయితే ముందు నల్లదానితో చూడండి. చాలకపోతే అప్పుడు ఇది" అన్నారు. నేను చదివిన పాఠాలన్నింటి సారమూ అదే. అన్నిటికంటె మెత్తని దానితో మొదలుపెట్టి, అది చాలదని కంటికి కనపడ్డాకనే ఒక మెట్టు పైకి వెళ్ళడం. చదివినప్పుడు తల ఊపాను. అయినా దుకాణంలో చెయ్యి గట్టి ప్యాడు మీదికే పోయింది.

మరునాడు కారు కడిగాక ముందుగా ఒక తెల్లని గుడ్డకు కాస్త పాలిషు మందు రాసి తలుపు మూల రుద్దాను. గుడ్డ ఎర్రబడింది. అంటే ఈ రంగు మీద క్లియర్ కోట్ లేదు. ఎరుపే పై పొర, ఆ ఎరుపు పోతే తరువాతది ప్రైమరే. నీలికారు మీద తప్పుచేస్తే ముందు క్లియర్ పోతుంది, రంగు దాకా రావడానికి ఒక గడప ఉంది. ఇక్కడ ఆ గడప లేదు.

నీలికారు నేర్పిన భయంతో కొన్న పరికరం ఒకటి నా దగ్గర ఉంది. రేకు మీద ఆనిస్తే రంగు ఎన్ని మైక్రాన్లో చూపుతుంది. ఇనుపరేకు ఉన్నచోటనే, ప్లాస్టిక్ మీద పలకదు. నాన్నగారు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. నేను ఒక్కొక్కచోట ఆనించి అంకె చదువుతుంటే ఆయన క్యాలెండరు వెనుక రాసుకున్నారు. టాపు 112. తలుపులు 105, 108. డిక్కీ 101. బానెట్టు ఎడమవైపు 92. బానెట్టు కుడివైపు 61.

పొరపాటేమోనని పరికరం తుడిచి మళ్ళీ పెట్టాను. 63. మరో జానెడు పక్కన 58. కుడివైపు గట్టు మీద 44. ఆ నలభైనాలుగులో అడుగు పొరలు కూడా కలిసే ఉన్నాయి. ఎరుపు వాటా ఎంతో లెక్క వేయడానికి మనసొప్పలేదు.

"అటు తొంభైరెండు, ఇటు అరవైయా? ఎందుకలా?" అన్నారు నాన్నగారు.

నాకు అప్పటికే అర్థమైంది. మా ఇంట్లో కారు నిలిపే చోట ఎడమవైపు ప్రహరీగోడ ఆనుకుని ఉంటుంది. మనిషి నిలబడే సందు లేదు. పాతికేళ్ళుగా ఆయన నిలబడినది కుడివైపునే. పొడిగుడ్డ మొదట పడినదీ, ఎక్కువసార్లు తిరిగినదీ, దసరా కాంపౌండుతో చేయి బలంగా రుద్దినదీ అక్కడే. ఎడమవైపుకు చేయి చాచితే అందినంత. ఆ పరికరం చూపుతున్నది ఆయన చేతి పొడవు.

"ఎండ ఇటు ఎక్కువ పడుతుందేమో నాన్నగారూ" అన్నాను.

ఆయన క్యాలెండరు వంక కాసేపు చూశారు. లేచి వచ్చి ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, బానెట్టు మీద చేయి చాచి చూసుకున్నారు. "పొద్దుటెండ గోడవైపు నుంచి వస్తుందిరా. ఎండ కాదు, నేనే" అన్నారు. బాధపడినట్టు లేదు. రోజుకూలీ లెక్క చూసుకుని సరిపోయిందన్న మనిషిలా అన్నారు. నాకే ఏమనాలో తోచక అంచులకు టేపు అంటించడం మొదలుపెట్టాను.

డిక్కీ మీద రెండడుగుల చతురస్రం గుర్తు పెట్టుకుని పరీక్ష చేశాను. నల్లప్యాడు మీద శనగగింజంత మందు నాలుగు చుక్కలు, మిషను తక్కువ వేగంలో. పళ్ళెం అంచున మార్కరుతో ఒక గీత గీసి ఉంచాను. ఆ గీత తిరుగుతూ కనపడితే ప్యాడు తిరుగుతున్నట్టు. ఆగిందంటే నేను ఎక్కువ నొక్కుతున్నట్టు. ఇది చిన్న చిట్కా గాని, చెయ్యి ఎంత బరువు వేస్తున్నదో చెప్పే సాక్షి మరొకటి లేదు. నాలుగుసార్లు అడ్డంగా నిలువుగా తిప్పి తుడిచేసరికి సుద్దపొర పోయింది. లోపలినుంచి, నిజంగానే, ఎరుపు వచ్చింది. గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. పక్కన నారింజ ప్యాడుతో చేస్తే గీతలు కూడా ముప్పాతికవంతు పోయాయి. పరికరం పెట్టి చూస్తే రెండుచోట్లా దానికి అందేంత తేడా లేదు. డిక్కీ మీద, తలుపుల మీద, టాపు మీద నారింజకు దిగులు లేదు.

వెలిసిన ఎరుపు ప్యాడ్లను ఎంత త్వరగా మింగేస్తుందో అప్పుడు తెలిసింది. ఒక్కొక్క భాగం పూర్తయ్యేసరికి నురుగు గదుల నిండా ఎర్రని ముద్ద చేరుతుంది. అలా నిండిన ప్యాడు కోయదు, ఒట్టినే వేడెక్కి పులుముతుంది. ఒక కారుకు ఒకరకం ప్యాడు ఒక్కటి చాలదు, నాలుగైనా కావాలని పుస్తకాలు ఎందుకు చెబుతాయో అది. నావి రకానికి రెండే. ఒకటి వాడుతూ ఒకటి ఉతుకుతూ, ముఖం కిందికి ఉండేట్టు పిట్టగోడ మీద ఆరబెడుతూ నడిపాను. బిళ్ళ వెనుక జిగురులోకి నీరు దిగితే వెల్క్రో ఊడిపోతుంది. అమ్మ వచ్చి, ఎర్రనీరు కారుతున్న బిళ్ళలను చూసి, "ఏమిట్రా ఈ నెత్తురు బొబ్బట్లు? నా బట్టల దగ్గర పెట్టకు" అని వెళ్ళింది.

బానెట్టు దగ్గరకు వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. ఎడమ సగం నారింజతో చేశాను. కుడి సగం మిగిలింది. నల్లప్యాడు ఉతికి పిండి మిషనుకు తగిలించాను.

"అటుదే పెట్టరాదూ? అటు గీతలు పోయాయిగా" అన్నారు నాన్నగారు.

"ఇటు పెడితే ఎరుపు మిగలకపోవచ్చు. సుద్ద తీసేసి వదిలేస్తాను. గీతలుంటాయి."

"ఉండనీ" అన్నారు.

గట్టు మీద టేపు తీయనేలేదు. అక్కడ మిషను పెట్టకుండా, చివరికి వేలికి గుడ్డ చుట్టి రెండుసార్లు నిమిరి సరిపెట్టాను. కుడివైపు మొత్తం నల్లప్యాడుతో రెండేసిసార్లు, బరువు వేయకుండా, మిషను బరువే చాలన్నట్టు. వేడెక్కుతున్నదేమోనని మధ్య మధ్య అరచేయి ఆనించి చూస్తూ. దీపం వెలిగించి చూస్తే ఒకే బానెట్టు మీద రెండు రకాల ఎరుపులు. ఎడమవైపు అద్దంలా ఉంది. కుడివైపు దీపం చుట్టూ ఆ సాలెగూడు అలాగే ఉంది, కాని గులాబీ పోయి ఎరుపు మీద ఉంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరకు వస్తే నాకు తెలుస్తుంది, ఆయనకూ తెలుసు.

మరునాడు ఆరున్నరకు గేటు దగ్గర చప్పుడైతే లేచి వెళ్ళాను. భుజాన పంచెగుడ్డ. రాత్రే నేను కొత్త మైక్రోఫైబరు గుడ్డలు మూడు, నీళ్ళు చల్లే సీసా ఒకటి సీటు మీద పెట్టి, పొడిగా తుడవవద్దని చెప్పి ఉన్నాను. ఆయన కుడివైపు నిలబడి ఉన్నారు గాని తుడవడం లేదు.

"నువ్వు నీళ్ళు చల్లు. ఆ సీసా నొక్కడం నాకు చేతకావడం లేదు" అన్నారు.

చల్లాను. ఆయన పంచెగుడ్డ నాకిచ్చి, కొత్త గుడ్డ తీసుకుని, ఎడమవైపు అందినంత మేర ముందు తుడిచి, తరువాత ఇటు వచ్చారు.